అమ్మ మానుకున్న మాట

మా అమ్మ పోయింది. పోయిన మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాల్చి వస్తానని లోపలికి వెళ్ళింది. మళ్ళీ లేవలేదు. తిరుపతిలో ఆమె నర్సుగా ఉన్నన్నాళ్ళు సూది వేయించుకున్నవాళ్ళు, కట్టు కట్టించుకున్నవాళ్ళు సమాధుల తోట దాకా వచ్చారు. అంతవరకూ నేను ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడు మా చర్చి సంఘపెద్ద అమ్మ శవపెట్టె పక్కన నిలబడి మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఆ యమ్మ ఎవురికీ కాదనింది లేదు. ఏం చెప్పినా సరే అనేది. అంతేగదా పాపా?" అని నా వైపు తిరిగాడు.

సరే అనేదట! ఎవరి గురించి చెబుతున్నాడు ఈయన? అమ్మ నోట అలాంటి మాట ఎప్పుడో పరాయి దేశంలో, అదీ పొరపాటున వచ్చింది. అందుకు ఎంత కుమిలిపోయిందో పక్కనుండి చూసినదాన్ని నేను.

డెబ్భైల చివర, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, చర్చి వాళ్ళు మా ముగ్గురినీ ఏడాదిపాటు పెరూ దేశం పంపారు. ఒక కొండ పట్టణంలో పొద్దున స్పానిష్ నేర్చుకోవాలి, మధ్యాహ్నం నుంచి ధర్మాసుపత్రిలో పని చేయాలి. బడిపంతులైన నాయన నీళ్ళు మోసేవాడు. నేను కట్టుగుడ్డలు కత్తిరించేదాన్ని. అమ్మ పుండ్లు కడిగేది.

మాది చిత్తూరు. 'ఛీ' అనబోతే మా నోట 'సీ' అనే వస్తుంది. స్పానిష్‌లో 'సీ' అంటే అవును. మొదటి రోజే మేము దిగిన ఇంటావిడ ఒక జంతువును తల, పళ్ళతో సహా కాల్చి తెచ్చి, పెట్టనా అని అడిగింది. అచ్చం పందికొక్కే. అమ్మ ముక్కు మూసుకుని "సీ! సీ!" అంది. ఆవిడ మురిసిపోయి పెద్ద ముక్క వడ్డించింది. నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నవ్వతా ఉండావా? అయితే నువ్వే తిను" అని అమ్మ తన పళ్ళెం ఆయన ముందుకు తోసింది.

తర్వాత జరిగినది నవ్వే సంగతి కాదు. ఒక సాయంత్రం కొండ పల్లె నుంచి ఒకామె బిడ్డను వీపున కట్టుకుని వచ్చింది. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు లోపలే ఉన్నాడు. కానీ ఆసుపత్రి మేనేజరు ఆమె మట్టికాళ్ళు చూసి ముఖం చిట్లించాడు. ఇలాంటివాళ్ళు స్నానం చేసి రేపు రావాలి కదా, అని అమ్మను అడిగాడు. ఆపాటి భాష అమ్మకు అప్పటికే వచ్చు. కోపం మాత్రం చిత్తూరు భాషలోనే వచ్చింది.

"సీ! నువ్వూ ఒక మనిసివేనా?"

అతనికి అర్థమైంది మొదటి మాటే. చూశావా, ఇండియా నర్సు కూడా అవునంటోంది, అని ఆ తల్లిని బయటికి పంపి తలుపు వేసేశాడు. వెళుతూ ఆమె అమ్మ ముఖంలోకి చూసింది.

అమ్మ తలుపు లాగి వీధిలోకి పరిగెత్తింది. మెట్ల మీద ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు. ఆ తల్లిని చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి, తలుపుకు అరచెయ్యి ఆనించి నిలబడి, మేనేజరుతో "నో" అంది. అతను ఏదో అరిచాడు. "నో." డాక్టరు లేచి వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు. బిడ్డ బతికింది.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం ముట్టలేదు. "నా నోటి మాటతోనే గదా ఆ బిడ్డను తోలేసినాడు! ఇంక సచ్చినా ఆ మాట అనను" అని ఏడ్చింది. అన్నట్టే మానుకుంది. తిరుపతి వచ్చాక కూడా పాలు విరిగినా, కుక్క వంటింట్లోకి దూరినా 'సీ' అనకుండా "నో" అనేది. ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు.

ఈ సంఘపెద్ద కూడా ఆ "నో" విన్నవాడే. అమ్మ చర్చిలో ఆదివారాలు ఉచిత వైద్యం మొదలుపెట్టినప్పుడు, రాళ్ళు కొట్టేవాళ్ళను అందరి తర్వాత, బయట నిలబెట్టి చూడమన్నాడు. "మనోళ్ళు ఏమనుకుంటారు సిస్టరమ్మా? సరే అను" అన్నాడు.

అమ్మ తలుపుకు చెయ్యి ఆనించింది. "నో అయ్యా. ముందొచ్చినోళ్ళకే ముందు. ఈ బెంచీ మీదనే కూసుంటారు."

ఆ తర్వాత ఆయన ఏడాదిపాటు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు దండ పట్టుకొచ్చి, కాదనడం తెలియని తల్లి అంటున్నాడు! చచ్చినవాళ్ళు లేచి జవాబు చెప్పరన్న ధైర్యం కాకపోతే ఏమిటి? ఆడమనిషి మంచిదని చెప్పాలంటే ఆమె చేత తలూపించాల్సిందేనా?

ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు, అవునంటానని.

"నో" అన్నాను.

వెనక నిలబడ్డ రాళ్ళు కొట్టేవాళ్ళలో ఎవరో "అబ్బా, ఆ యమ్మ గొంతే" అన్నారు. అప్పుడు చూసుకున్నాను. నా అరచెయ్యి అమ్మ పెట్టె మూతకు ఆనించి ఉంది.