అలిపిరి మెట్ల దగ్గర రెండో తుమ్ము

మా అమ్మకు ఒక మొక్కు ఉంది. అలిపిరి నుంచి తిరుమల దాకా మెట్టు మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కాలని. ఆ మొక్కుకు అడ్డుపడింది నా ముక్కు. పాకాలలో మా ఇంటి గడప దాటబోయే వేళకు నేను సరిగ్గా ఒక తుమ్ము తుమ్మడం, అమ్మ చెప్పులు విప్పి లోపలికెళ్లి మంచినీళ్లు తాగి కూర్చోవడం, మళ్లీ లేచేసరికి నేను ఇంకోటి తుమ్మడం, ఈలోగా రైలు వెళ్లిపోవడం. ఇలా రెండుసార్లయింది. ఒంటి తుమ్ము అపశకునం, వెంటనే జంట పడితే శుభం అని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఈమధ్య అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. "ఈ యేడు ఎక్కకపోతే ఇంక నా వల్ల కాదు పాపా" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక ముక్కు సంగతి తేల్చాల్సిందే అనుకున్నాను.

ఇన్నాళ్లూ దాన్ని మేం మంచు జలుబు అనేవాళ్లం. మంకీ క్యాపు, మిరియాల కషాయం, అన్నీ అయ్యాయి. తిరుపతిలో ఒక ముక్కు డాక్టరమ్మ అసలు విషయం చెప్పింది. జ్వరం ఉండదు, కళ్లు దురద పెడతాయి, ముక్కు నీళ్లలా కారుతుంది, ఏటా అవే నెలల్లో వచ్చి అవే నెలల్లో పోతుంది. అంటే నా ఒంటికి పుప్పొడి పడటం లేదన్నమాట. "మా చుట్టూ మామిడి పూతే కదా మేడమ్" అన్నాను. ఈగలు, పురుగులు వాలే పూల పుప్పొడి ఎక్కువ దూరం ఎగరదనీ, గాలికి లేచేది ఎక్కువగా గడ్డి, కలుపు మొక్కల పుప్పొడేననీ, చెట్ల కింద ఏముందో చూసుకోమనీ చెప్పింది. చూస్తే ఏముంది, వయ్యారిభామ! తెల్లని చిన్న పూల కలుపు మొక్క. వానలకు మొలిచి, కార్తీకం నుంచి మాఘం దాకా మా వీధి పొడవునా విరగబూస్తుంది. మేం ప్రయాణం పెట్టుకున్నవీ ఆ నెలలే. పాపం, మామిడిని ఊరికే అనుమానించాను.

అందుకే ఈసారి జూన్ ఎంచుకున్నాను. పాత కలుపు ఎండిపోయి, కొత్తది ఇంకా పూత పట్టని కాలం. డాక్టరమ్మ రాసిచ్చిన ముక్కు స్ప్రే వారం ముందే మొదలుపెట్టాను. రాత్రి వాన కురిసి గాలి తేటపడిన తెల్లవారుజామున, మాస్కు కట్టుకుని గడప దాటాను. అమ్మ దేవుడి పటం వైపు కాదు, నా ముక్కు వైపే చూస్తోంది. తుమ్ము రాలేదు! పాసింజరు రైల్లో గంటకు పైగా ప్రయాణం, స్టేషను బయట అలిపిరికి నూటయాభైకి ఆటో.

"మాస్కేంటికి మా, మళ్లా కరోనా ఏమన్నా వచ్చినాదా?" అన్నాడు ఆటో ఆయన.

"లేదన్నా. గడ్డిపూల దుమ్ము నాకు పడదు."

"మా ఆడమనిషికీ అంతే. వానలైపోతే మొదులు, శివరాత్రి దాకా ముక్కు సీదతానే ఉంటాది. దిష్టి అనుకోని మిరపకాయలు తిప్పేస్తా ఉండాము."

"మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఇంకా తుమ్ముతుంది కదన్నా!" అన్నాను. అలిపిరి దాకా నవ్వుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు డాక్టరమ్మ సంగతి చెబితే, ఆసుపత్రి ఎక్కడో అడిగి తెలుసుకున్నాడు.

సంచులు కౌంటర్లో ఇచ్చేశాం, వాటిని ఉచితంగానే పైకి చేరుస్తారు. కర్పూరం వెలిగించి, అమ్మ మొదటి మెట్టు ముందు వంగి పసుపు పొట్లం విప్పింది. కొండగాలి విసురుగా వచ్చింది. హాచ్!

తుమ్మింది నేను కాదు, అమ్మ. ఒక్కటే.

అమ్మ ముఖం వాడిపోయింది. పొట్లం మడిచేసింది. "దేవుడికే ఇష్టం లేదేమో పాపా. పోదాం పద" అంది. పక్కన పసుపు కుంకుమలమ్మే ఆమె లేచి వచ్చింది. "యాడికి పోతావు పెద్దమ్మా? జంట పడితే సరిపోతాది. కూతురుండాది కదా, ఆ యమ్మను తుమ్మమను!"

అమ్మ ఆశగా నా వైపు తిరిగింది. "బెరీన తుమ్ము పాపా!"

జన్మలో నా ముక్కు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. సూర్యుణ్ణి చూశాను, రాలేదు. పసుపు వాసన చూశాను, రాలేదు. అప్పుడు కనబడింది, కుళాయి నీళ్లు పారేచోట గోడ పక్కన, కాలం కాని కాలంలో పూసిన ఒకే ఒక్క వయ్యారిభామ. మాస్కు లాగేసి, మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు ఆ పూలల్లో పెట్టేశాను. గోడ అదిరేలా తుమ్మాను.

"నూరేండ్లు బతుకు నా తల్లీ!" అంటూ అమ్మ మొదటి మెట్టుకు పసుపు పూసింది.

కొండెక్కడానికి రోజంతా పట్టింది. పైకి చేరాక అమ్మ పసుపు చేతులతోనే నా చెంపలు పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కాలాన్ని తెలుసుకుంటే సగం జబ్బు చేతిలో ఉన్నట్టేనని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. మీ ముక్కు కూడా ఏటా ఒకే కాలంలో కారుతుంటే, ఆ నెలల్లో మీ వీధిలో ఏం పూస్తోందో చూసి, డాక్టరుకు చూపించుకుని, అది పూయని నెలలో వాన వెలిసిన ఉదయం బయలుదేరండి. నాలా పూలల్లో మాత్రం ముక్కు పెట్టకండి, ఆ రాత్రంతా నాకు కళ్లు మండుతూనే ఉన్నాయి. అయినా అమ్మ కోసం మళ్లీ తుమ్మమంటే తుమ్ముతాను.