ఓర్లా కత్తిరించిన సీను

1943లో హాలీవుడ్‌లో, విడుదలకు సిద్ధమవుతున్న సినిమాల నెగటివ్‌ను కత్తిరించి అతికించడం ఓర్లా విట్కోమ్ పని. ఆమె కొడుకు లోవెల్ సైన్యంలో చేరే ముందు ఓ సినిమాలో టాక్సీ డ్రైవరుగా కాసేపు కనిపించాడు. ఆ వసంతంలో పసిఫిక్‌లో చనిపోయాడు. తెర మీదైనా వాణ్ణి మళ్ళీ చూడాలని ఆమె ఆ సినిమా కోసం కాచుకుంది.

యుద్ధం వల్ల ముడి ఫిల్ముకు కరువొచ్చింది. సినిమాలన్నీ కుదించమన్నారు. తీసేసేవాటిలో టాక్సీ సీనూ ఉంది.

"ఇది నువ్వు ముట్టుకోకు ఓర్లా, నేను చేస్తాలే," అన్నాడు పై అధికారి హస్కిన్స్.

"నువ్వా? కాఫీ కప్పే తిన్నగా పట్టుకోలేవు. వాడి మొహం మీద గీతలు పెడతావు. ఇలా తే."

త్యాగం గురించి గోడ మీది పోస్టరు ఏదో చెబుతోంది. ఆమె అటు చూడలేదు. ఫిల్ము పూతలో వెండి ఉంటుంది; కత్తిరించిన ముక్కల్ని కరిగించి దాన్ని తీస్తారు కనుక దాచుకోవడానికీ వీల్లేదు.

కింద దీపం వెలిగే గాజుపలక మీద ఫిల్ము పరిచింది. నెగటివ్‌లో నలుపు తెల్లగా కనబడుతుంది. నల్లజుట్టు లోవెల్, ఇరవై ఏళ్ళవాడు, అక్కడ తల నెరిసిన ముసలివాడై నవ్వుతున్నాడు. వాడికి ఎన్నటికీ రాని ఆ వయసును ఓర్లా తనివితీరా చూసింది. తరువాత కత్తెర అందుకుంది.