సేటు మూయని పేజీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం కాదు. కానీ కొన్నాళ్లపాటు నా కోపమంతా ఒకే ఒక్క బటన్ మీద ఉండేదంటే మాత్రం ఎవరూ నమ్మరు. అదీ అసలు లేని బటన్ మీద.

హన్మకొండ చౌరస్తా దగ్గర నాకో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, పాంప్లెట్లు, జిరాక్సులు, వాటి మధ్యలో వెబ్‌సైట్లు. సైట్లకు నేను వాడేది ఎవరి సొంతమూ కాని సాఫ్ట్‌వేర్. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచేయండి అని వదిలేశారు. కోడ్ ముక్క రాని మనిషి కూడా దాంతో సైటును నడుపుకోవచ్చు. అలా నడిపే వాళ్లను నిర్వాహకులంటారు. వాళ్ల బాధలు ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చెవిన వేయడం, తెలుగు మాటలు సరిచేయడం, చేతనైన చోట కోడ్ కూడా రాసి పంపడం నా తీరిక వేళల పని. తీరిక అంటే కరెంటు ఉండి గిరాకీ లేని సమయం.

నేను చేసిన సైట్లలో నాకు ప్రాణమైనది రక్తదాతల సైటు. దాన్ని నాతో పెట్టించింది వరంగల్ బజారులో బట్టల దుకాణం సేటు. వాళ్ల ఇంట్లో ఒకసారి రక్తం దొరక్క అల్లాడిపోయారట, అప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. ఆ సైటుకు నిర్వాహకులం మేమిద్దరమే. అందులో ఒకే ఒక్క నోటీసు పేజీ ఉంటుంది. ఎవరికి ఏ గ్రూపు కావాలో, ఏ దవాఖానలో ఉన్నారో, ఎవరికి ఫోన్ చేయాలో అక్కడ రాసి సేవ్ నొక్కితే ఆ గ్రూపు దాతలందరికీ మెసేజ్ పోతుంది. దాతల నెంబర్లు మాకు కూడా కనబడవు. మొదట్లో బయటికి కనబడేవి. ఎవరెవరో ఆడపిల్లలకు ఫోన్లు చేసి సతాయిస్తుంటే దాచేశాం.

ఒక్కో మనిషికి ఒక్కో కొత్త పేజీ పెడదామని సేటుకు చాలాసార్లు చెప్పాను. ఆయన వినలేదు.

"దుకాణం ముంగట బోర్డు ఒక్కటే ఉండాలె అమ్మా. మందికి ఎటు దిక్కు చూడాల్నో తెలుస్తది."

సరే, అది ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది ఇంకోటి ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒకరు ఒక పేజీని దిద్దడానికి తెరిస్తే, వాళ్లు మూసేదాకా ఇంకొకరు దాన్ని ముట్టుకోలేరు. ఇద్దరూ ఒకేసారి రాసి, ఒకరిది ఇంకొకరు చెరిపేయకుండా పెట్టిన తాళం అది. మంచిదే. అయితే మా సేటు పొద్దున్నే షటర్ లేపి, లక్ష్మీదేవి పటానికి, గల్లాపెట్టెకు, కంప్యూటర్‌కు వరసగా అగరొత్తులు తిప్పి, ఆ పేజీ తెరిచి పెట్టేవాడు. ఇక దీపాలు పెట్టి షటర్ దించేదాకా మూసేవాడు కాదు.

"పని అయిపోయినంక మూసెయ్యి సేటూ, నాకు తాళం పడుతాంది," అని నేను మొత్తుకునేదాన్ని.

"తెరిచిన దుకాణం నడిమిట్ల మూస్తమా? గిదీ గంతే. నీకు కావాల్నంటే ఫోన్ జెయ్యి. జర పక్కకు జరుగుత."

నిజానికి ఫోన్ చేసినప్పుడల్లా జరిగేవాడు. మళ్లీ వెంటనే వచ్చి కూర్చునేవాడు. బజారులో కూర్చున్న మనిషిని మార్చడం బ్రహ్మతరం కాదని తేలాక, సాఫ్ట్‌వేర్‌నే మారుద్దామని దాన్ని రాసేవాళ్ల చర్చావేదికలో ఒక విన్నపం పెట్టాను. అవసరం పడితే రెండో నిర్వాహకుడు ఆ పేజీని తన చేతిలోకి తీసుకోవడానికి ఒక బటన్ కావాలి, అంతే. ఏ దేశంలో ఉంటాడో తెలియని పెద్దమనిషి ఒకాయన చాలా ఓపికగా జవాబిచ్చాడు. పని అయ్యాక పేజీ మూసేయడం మీవాళ్లకు నేర్పండి అన్నాడు. అదీగాక, పేజీ లాగేసుకుంటే అవతలి మనిషి సేవ్ చేయకుండా రాసి ఉంచింది పోతుంది కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పోయేది రెండు వాక్యాలు, దానికోసం సైటంతా ఆగాలా అని రాశాను. ఇంకా చాలా రాశాను, అవి ఇక్కడ చెప్పదగ్గవి కావు. చర్చ అక్కడితో చల్లారింది.

తర్వాత ఒక ఆదివారం పొద్దున, హన్మకొండలోనే ఒక నర్సింగ్ హోంలో మా చెల్లెకు కాన్పయింది. ఆడపిల్ల. నేను స్వీట్లు తెచ్చి పంచుతుండగానే నర్సులు లోపలికీ బయటికీ పరుగులు పెట్టడం మొదలైంది. బాలింతకు రక్తం ఆగడం లేదు. దానిది ఓ నెగెటివ్. బ్లడ్ బ్యాంకులో ఉన్న ఒక్క సంచీ తెచ్చి ఎక్కించారు. ఇంకా కావాలి, దాతలను పిలిపించుకోండి అన్నది డాక్టరమ్మ. మా మరిది తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తూ వరండాలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతున్నాడు. నేను మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, ధైర్యంగానే ఉన్నాను. నా చేతిలో సైటుంది కదా అనుకున్నాను.

ఫోన్‌లో పేజీ తెరిచాను. తాళం పడి ఉంది. ఈ పేజీని ఇంకొకరు దిద్దుతున్నారు, దయచేసి వేచి ఉండండి అని కనబడింది. ఆ తెలుగు వాక్యం రాసింది నేనే.

సేటుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ మళ్లీ చేశాను. సర్వర్‌లో మాకు ఉచితంగా చోటిచ్చి, లోపలి నుంచి ఆ తాళం తీయగలిగిన హైదరాబాద్ కంపెనీకి చేస్తే, ఆదివారం సెలవని రికార్డు గొంతు చెప్పింది. కొత్త పేజీ పెట్టినా లాభం లేదు, మెసేజులు పోయే ఏర్పాటు ఆ ఒక్క పేజీకే ఉంది. వాట్సాప్‌లో ఉన్న గ్రూపులన్నిట్లో పెట్టాను. దేవుడు చల్లగా చూడాలి అని చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. రక్తం రాలేదు.

ఆటో పట్టుకుని వరంగల్ బజారుకు పోయాను. దారంతా సేటును తిట్టాను, చర్చావేదికలోని ఆ పెద్దమనిషిని తిట్టాను, సిగ్నల్ దగ్గర ఆగినందుకు ఆటో అతన్నీ తిట్టాను. దుకాణం షటర్ దించి ఉంది. ఆదివారమైనా పూజ చేయడానికి తెరిచే మనిషి, ఎక్కడికి పోయాడో! షటర్ ముందు నిలబడి మళ్లీ ఫోన్ చేశాను. లోపల మోగింది. నేను ఇంతసేపూ చేసింది ఒక మూసిన దుకాణానికి. అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. ఆగమాగం అయిపోయాను.

పక్కది పరుపుల దుకాణం. దాన్ని నడిపే చాచా దగ్గరే సేటు తాళంచెవి ఉంటుంది. సేటు ఊరికి పోతే పొద్దూకంగానే చాచా ఆ షటర్ లేపి లైటు వేస్తాడు. సంధ్యవేళ దుకాణం చీకటిగా ఉండకూడదని సేటు నమ్మకం, ఆ నమ్మకాన్ని నడిపేది చాచా. కానీ చాచా నమాజుకు పోయాడు. ఆయన వచ్చేదాకా ఆ గడప మీద ఎట్లా కూర్చున్నానో నాకే తెలుసు. మా మరిది ఫోన్ చేసి "వదినా, ఏమన్న అయిందా?" అని అడిగాడు. ఐతాంది అన్నాను.

చాచా టోపీ సర్దుకుంటూ వచ్చాడు. నన్ను చూసి గాబరా పడ్డాడు.

"ఏమైంది బిడ్డా? సేటు లేడు. కేసముద్రంల వాళ్ల మేనమామ పోయిండని ఫోనొస్తే ఉన్నపలంగ ఉరికిండు. ఫోన్ గూడ మర్శిపోయిండు."

"తాళం తియ్యి చాచా. మా చెల్లె సావు బతుకుల్లున్నది."

ఆయన ఇంకో మాట అడగకుండా తీశాడు. లోపల అగరొత్తుల వాసన ఇంకా ఉంది. కీబోర్డు పక్కనే సేటు ఫోన్. మౌస్ కదిలించాను, తెర వెలిగింది. పేజీ తెరిచే ఉంది. అందులో రెండు వాక్యాలు ఉన్నాయి.

"మరిపెడ నుంచి వచ్చిన ఆడమనిషికి పెద్ద దవాఖానలో ఆపరేషన్, ఓ నెగెటివ్ అర్జెంటు. వాళ్ల తమ్మునికి ఫోన్ చేయగలరు." కింద నెంబరు. సేటు పొద్దున రాసింది. సేవ్ నొక్కలేదు.

ఓ నెగెటివ్ దాతలు మా దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మెసేజ్ చూసి మొదట కదిలే మనిషి, పైన ఎవరి పేరుంటే వాళ్లకే ఫోన్ చేస్తాడు. కర్సర్‌ను ఆ వాక్యాలకు పైన పెట్టాను. నా చెయ్యి అటే పోయింది.

చాచా కళ్లద్దాలు పెట్టుకుని నా వెనక నిలబడి చదివాడు.

"ఎప్పటిది బిడ్డా ఇది?"

"పొద్దటిది. పోలేదు చాచా."

"యా అల్లా. వాళ్లు పోయిందనుకోని కూసున్నరు గద." మళ్లీ మెల్లగా అన్నాడు. "ముందొచ్చినోళ్లకు ముందు తూకం బిడ్డా. నేను నీకు చెప్పేటంతోణ్ని గాదు."

ఆ క్షణంలో ఆయన గొంతు పిసికేయాలనిపించింది. తూకమేంటి, అక్కడ ఉన్నది నా చెల్లె. చిన్నప్పుడు నేను చంకనేసుకుని తిప్పిన పిల్ల. కానీ కర్సర్ కిందికి జరిపాను. మరిపెడ ఆమె కింద మా చెల్లె సంగతి రాసి సేవ్ నొక్కాను. మంచితనంతో చేశానని అనుకోవద్దు. వెనక ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు కాబట్టి చేశాను.

మొదట కదిలినాయన కాజీపేట నుంచి వచ్చి మరిపెడ ఆమెకు ఇచ్చాడు. రెండో మనిషి ఉన్నది రఘునాథపల్లిలో. బైకు మీద వస్తున్నానన్నాడు. అతను వచ్చేదాకా బ్లడ్ బ్యాంకు బెంచీ మీద కూర్చుని, చెల్లె పోయినట్టే నిశ్చయించుకున్నాను. పసిపిల్లను ఎవరు పెంచాలో కూడా ఆలోచించాను. అతను దుమ్ము కొట్టుకుని వచ్చి, నేనేమన్న ఆలస్యం జేసిన్నా అక్కా అని అడిగాడు. చేతులు పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

మా చెల్లె బతికింది.

మర్నాడు నేనే మరిపెడ నెంబరుకు ఫోన్ చేశాను. తమ్ముడు ఎత్తాడు. వెనక ఏడుపులు వినబడుతున్నాయి.

"అక్క పోయింది మేడం. రక్తం ఎక్కించిండ్లు గని, అప్పటికే లేటయిందన్నరు. మీరు మాత్రం ఏం జేస్తరు? సేటు పొద్దుగాల్నే పెట్టిండు గద నోటీసు. మా నసీబుల లేదు. మీరు సల్లగుండాలె."

పొద్దున్నే పెట్టలేదని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ దీవెన నా చెవుల్లోంచి పోలేదు.

కర్మకాండ ముగించుకుని వచ్చిన సేటును తిడదామని మాటలన్నీ కూడబెట్టుకుని పోయాను. జరిగింది చెప్పగానే ఆయన దుకాణంలో కూర్చోవడానికి పరిచిన తెల్లదుప్పటి మీద కూలబడ్డాడు. "నొక్కిన్ననుకున్న అమ్మా, నొక్కిన్ననుకున్న," అని అదే మాట అంటూ ఉన్నాడు. కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. ఎదురుగా కూర్చుని నేనూ ఏడ్చాను.

అప్పటి నుంచి నా సెంటర్ మూశాక రోజూ ఆ కోడ్‌తోనే కుస్తీ పట్టాను. కోపంతో కాదు, భయంతో. నేనడిగిన బటనే అప్పుడు ఉండి ఉంటే, నర్సింగ్ హోం వరండాలోంచే పేజీని లాగేసుకునేదాన్ని. ఆ రెండు వాక్యాలు ఉన్నట్టు కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు నేను రాసినదాంట్లో, నిర్వాహకుడు కొడుతున్న ప్రతి అక్షరం సేవ్ నొక్కకపోయినా ఎప్పటికప్పుడు ఒక పక్కన భద్రంగా ఉంటుంది. తాళం పడిన పేజీని ఇంకొకరు తీసుకోబోతే, ముందు ఆ అక్షరాలన్నీ కళ్లముందు పరుస్తుంది. వాటిని ఏం చేయాలో చెప్పాకే పేజీ చేతికొస్తుంది. సేటు ఇప్పటికీ పొద్దూకేదాకా పేజీ మూయడు. మూయమని నేనూ అడగడం లేదు.

రాసింది పంపించాను. ఆ పెద్దమనిషే పరీక్షించాడు. బాగుందన్నాడు, చిన్నచిన్న తప్పులు చూపించాడు, దిద్దాను. తీసుకుంటున్నామని చెప్పి, చివర్లో ఒక ప్రశ్న వేశాడు. అందులో వెక్కిరింపేమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సేవ్ చేయని రాతను కాపాడటానికి ఇంత శ్రమ ఎందుకు పడ్డారు? పోయేది రెండు వాక్యాలే అని మునుపు మీరే అన్నారు కదా?

ఆ రెండు వాక్యాలూ నాకు నోటికొచ్చు. కింది నెంబరుతో సహా వచ్చు.

"అవును, అన్నాను," అని మాత్రం రాసి పంపాను.