ఏరు దాటలేని రోజుల మందుల పెట్టె

1967 మార్చిలో నన్ను శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కంపౌండరుగా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు మూడేళ్ళు. ఫార్మసిస్టు అనే మాట ఆర్డర్లలో కనిపించేది గానీ జనానికి మేము కంపౌండర్లమే. కేంద్రానికి పెద్ద మెడికల్ ఆఫీసరు. ఆయన తరవాత నేను, ఒక నర్సమ్మ, ఒక ఆర్డర్లీ. హెల్త్ ఇన్‌స్పెక్టరు పోస్టు ఆ ఏడాదంతా ఖాళీగానే ఉంది.

కంపౌండరు పని అంటే ఈ రోజుల్లోలాగా అట్టపెట్టెలోంచి మాత్రలు తీసి ఇవ్వడం కాదు. పొద్దున్నే పొడులు తూచి, నీళ్ళలో కలిపి, మిక్స్చర్లు తయారు చేయాలి. రోగులు సీసా ఇంటినుంచి తెచ్చుకునేవారు. అందులో మందు పోసి, ఒక కాగితం పట్టీని మడిచి గంట్లు కత్తిరించి సీసా పక్కన అంటించేవాళ్ళం. ఒక గంటు నుంచి ఇంకో గంటు వరకు ఒక మోతాదు. చదువు రానివాళ్ళకు అదే చీటీ. మూడు నెలలకొకసారి కావలసిన మందులు రాసి జిల్లా స్టోర్సుకు ఇండెంటు పంపడం, వచ్చినదాన్ని స్టాకు రిజిస్టరులో ఎక్కించడం, ఖర్చయినదాన్ని ఏ రోజుకా రోజు రాయడం కూడా నా పనే. ఔట్ పేషెంటుకు రెండు రోజుల మందు, దూరం ఊళ్ళవాళ్ళకు మూడు రోజుల మందు ఇవ్వాలి. అంతకు మించితే తనిఖీలో సంజాయిషీ చెప్పుకోవాలి.

జూన్ మొదట్లో ఒకరోజు ఏరు అవతలి ఊరి నుంచి పైడమ్మ అనే ఆమె వచ్చింది. యాభై దాటిన మనిషి. వాళ్ళది వరి, గోగు పండించుకునే కుటుంబం. మోకాళ్ళ వరకు ఇసుక, చేతిలో ఖాళీ సీసాల బుట్ట. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక నాతో అన్న మాట ఇది.

“బాబూ, నాలుగు నెల్లకి సరిపడా మందులు కావాల. ఏరొచ్చీసిందంటే మా ఊరికి ఎవుళ్ళూ రానేరు.”

ఎవరికి జబ్బు అని అడిగాను.

“ఇప్పుడెవుళ్ళకీ ఏటీ నేదు. జబ్బొచ్చినాక నానెలాగొస్తాను?”

జబ్బు లేనివాళ్ళకు మందు ఇచ్చే పద్ధతి లేదని చెప్పి వెనకవాళ్ళను పిలిచాను. ఆమె వాదించలేదు. వరండాలో ఒక మూల కూర్చుంది. పన్నెండింటికి ఓపీ అయ్యేదాకా కదలకుండా ఉండి, నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళింది.

మా డాక్టరు గారు తక్కువ మాట్లాడే మనిషి. ఆమె చెప్పినదంతా విన్నారు. నాలుగేళ్ళ కిందట ఏరు పొంగినప్పుడు ఆమె ఆడపడుచుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయట. పడవ నడుస్తుందేమోనని ఒడ్డుకు మోసుకొచ్చి, రెండు రోజులు అక్కడే తాటాకు కింద కూర్చున్నారట. మూడో రోజుకు పడవ అవసరం లేకపోయింది. ఆమె ఇదంతా చెబుతూ గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఈసారి తన ఊళ్ళో ఎవరూ ఒడ్డున అలా కూర్చోకూడదని మాత్రం అంది.

డాక్టరు గారు నన్ను పిలిచి ఒక ఏర్పాటు చెప్పారు. ప్రభుత్వ మందులు నిలవకు ఇవ్వడానికి వీల్లేదు. కాబట్టి ఆయన ఒక చీటీ రాసి ఇస్తారు, ఆ ఊరి పదిళ్ళవాళ్ళూ కలిసి టౌనులో కొనుక్కుంటారు. నేను వాటిని వేరువేరు సీసాల్లో సర్ది, ఏది ఎంతో గుర్తులు పెట్టి ఇవ్వాలి. గాయాల మీద పెట్టే దూది, గాజుగుడ్డ, టింక్చరు మాత్రం తన సంతకం మీద స్టాకులోంచి ఇవ్వమన్నారు. ఊరంతటికీ మందులు ఇంట్లో దాచడమంటే ప్రమాదం కదా అని నేను సందేహం చెప్పాను. తెలియకుండా దాచుకుంటే ప్రమాదమే, అందుకే నేర్పుదాం అన్నారాయన.

రెండు మధ్యాహ్నాలు ఆయన ఆమెకు నేర్పారు. జ్వరానికి ఏ మాత్ర, పిల్లలకు అందులో ఎంత, రక్త విరేచనాలకు ఏది, ఏది పైపూతకే తప్ప నోట్లోకి పోకూడదు అని ఒక్కొక్కటే చెప్పారు. ఆమె ప్రతిదాన్నీ తిరిగి ఆయనకు అప్పజెప్పేది. మధ్యలో చాలా ప్రశ్నలు వేసింది. నేను పక్క బల్ల దగ్గర పట్టీలు కత్తిరిస్తూ సగం విన్నాను, సగం వినలేదు. ఆ సగం వినికిడే తరవాత నా మీదికి వచ్చింది.

ఆగస్టులో నాగావళి నిండుగా వచ్చింది. డాక్టరు గారు నెలవారీ మీటింగుకు శ్రీకాకుళం వెళ్ళి, దారిలో కల్వర్టు కొట్టుకుపోవడంతో అక్కడే చిక్కుకున్నారు. మూడో రోజు అవతలి ఒడ్డు నుంచి ఎవరో చేతులూపుతూ కేకలు వేశారు. నీళ్ళ హోరులో సగం మాటలే అందాయి. పైడమ్మ ఊళ్ళో రక్త విరేచనాలు పట్టుకున్నాయని మాత్రం తెలిసింది. నాలుగో రోజు పొద్దుటికి నీరు కొంచెం తీసింది. పడవవాడు ఒప్పుకున్నాడు. డాక్టరు చూడకుండా రోగికి మందు ఇచ్చే అధికారం కంపౌండరుకు లేదు. నర్సమ్మ ఇంకో ఊళ్ళో పురుడు దగ్గర ఉంది. అయినా డేబుక్కులో వెళ్ళే కారణం రాసి, రక్త విరేచనాలకు వాడే సల్ఫా మాత్రల డబ్బా, బ్లీచింగ్ పౌడరు, గ్లూకోజు పట్టుకుని పడవ ఎక్కాను. ఊళ్ళో ఎన్ని శవాలు చూడాలో అనే ఆలోచనే దారంతా.

ఊళ్ళో అడుగు పెట్టగానే మొదట కనిపించింది దిగువ నుయ్యి. దాని మీద ముళ్ళకంప అడ్డం వేసి ఉంది. ఏటి నీరు అందులోకి దిగిందని, రెండో రోజే పైడమ్మ ఎవరినీ అందులో నీళ్ళు తోడనివ్వలేదని అక్కడ ఉన్న ముసలాయన చెప్పాడు. మెరక మీది నూతి నీళ్ళే మరగబెట్టి తాగుతున్నారట.

ఆమె ఇంటి అరుగు మీద, పక్కింటి అరుగు మీద కలిపి పదకొండు మంది పడుకుని ఉన్నారు. అందరూ బతికే ఉన్నారు. ముగ్గురు పిల్లలు లేచి కూర్చుని ఉప్పు వేసిన నూకల గంజి తాగుతున్నారు. నేను ఒక్కొక్కరి నాడి పట్టుకుని చూసుకుంటూ వెళ్ళాను. నాలుక తడిగా ఉంది, కళ్ళు మరీ లోపలికి పోలేదు. ఇంత శ్రద్ధగా గంజి పట్టించిందెవరని అడిగితే అందరూ పైడమ్మ వైపే చూశారు.

నా కోరిక మీద ఆమె అటక మీంచి మందుల పెట్టె దింపింది. మామూలు దేవదారు చెక్క పెట్టె. అటక మీద ఎందుకంటే ఎంత నీరొచ్చినా అక్కడికి ఎక్కదు, పొయ్యి సెగ కూడా తగలదు. మాత్రల సీసాల అడుగున వేయించిన బియ్యం చిన్న గుడ్డలో కట్టి వేసింది, చెమ్మ లాగడానికి. మూతల చుట్టూ మైనం. పైపూత మందుల సీసాలన్నిటికీ మెడలో గరుకు గోనెనార చుట్టి ఉంది. చూడకుండా చెయ్యి పెట్టినా అది నోట్లో పోసేది కాదని చేతికే తెలుస్తుంది. దూది, గాజుగుడ్డ ఉతికిన తువ్వాల్లో చుట్టి, ఆ తువ్వాలును నూనెగుడ్డలో చుట్టింది. పక్కన మైనం పూసిన అగ్గిపెట్టెలు, ఉప్పు, బెల్లం, సోడిపిండి (రాగిపిండి), ఒక కత్తెర. ప్రతి అమావాస్యకూ పెట్టె విప్పి చూస్తుందట. రంగు మారిన మాత్రలు రెండు కనిపిస్తే పెంటకుప్పలో లోతుగా పాతేసిందట. జిల్లా స్టోర్సులో కూడా నేను అంత పొందిక చూడలేదు. విరేచనాల మాత్రలు రక్తం పడినవాళ్ళకే ఇచ్చింది. సగానికి పైగా ఇంకా మిగిలే ఉన్నాయి.

అప్పుడే అసిరమ్మ అనే ఆమె నా దగ్గరికి గబగబా వచ్చింది. ఆమె భర్త తవిటినాయుడు పక్కింటి అరుగు చివర పడుకుని ఉన్నాడు. అందరిలోకీ నీరసంగా ఉన్నది అతనే.

“సూడు బాబూ, అందరికీ మాత్రలిచ్చినాది, మా ఆయనకొక్కడికే ఇవ్వనేదు. గట్టు తగాదా మనసులో ఎట్టుకుంది. మూడు దినాలై బతిమాల్తన్నాను.”

రెండిళ్ళ మధ్యా పొలం గట్టు విషయంలో తగాదా ఉన్న మాట నిజమేనని చుట్టుపక్కలవాళ్ళు తలలూపారు. నేను తవిటినాయుణ్ణి చూశాను. జ్వరం ఉంది, రక్తం పడుతోంది. మాత్రలు అందరికంటే ముందు పడాల్సింది అతనికే. పైడమ్మ ఇంతసేపూ చూపించిన శ్రద్ధంతా ఒక్కసారిగా నాకు మరోలా కనిపించింది. పైడమ్మ పెరట్లో గంజి కలుపుతోంది. ఆమెను పిలిచి అడగాలని నాకు తోచలేదు. నా డబ్బాలోంచి మాత్రలు తీసి, అసిరమ్మ తెచ్చిన నీళ్ళ ముంత అందుకుని, అతని తల కింద చెయ్యి పెట్టి లేపాను. అతను నోరు తెరిచాడు.

నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. పైడమ్మ చెయ్యి గంజితో తడిగా ఉంది.

“ఆగు బాబూ. ఆడికది పడదు.”

నేను కోపంగా ఎందుకు పడదని అడిగాను. ఆమె చెయ్యి వదలకుండానే చెప్పింది.

“రెండేళ్ళ కిందట కురుపు లేసిందని టౌన్లో మాత్రలు కొనుక్కు మింగినాడు. నోరంతా పుండైపోనాది. ఒంటి మీద తోలు ఊడిపోనాది. పది దినాలు కళ్ళు కనపణ్ణేదు. ఆ మాత్రా ఈ మాత్రా ఒక జాతేనని డాట్రు బాబు సెప్పినాడు. నువ్వూ పక్కనే ఉన్నావు గదా.”

ఆ మాట నిజం. ఆమె వేసిన ప్రశ్నల్లో అదొకటి. కురుపుకు వాడే సల్ఫా, విరేచనాలకు వాడే సల్ఫా పేర్లు వేరైనా కుటుంబం ఒకటే. ఒకదానికి ఒళ్ళంతా బొబ్బలెక్కినవాడికి రెండోది ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు గారు ఆ రోజు ఆ మాట చెప్పినప్పుడు నేను పట్టీలు కత్తిరిస్తున్నాను. తవిటినాయుడు ఆ రోజు రోగిగా రాలేదు, అతని పేర ఓపీ చీటీ లేదు, కాబట్టి నేను ఎక్కడా రాసుకోలేదు. ఆమె రాసుకుంది. పెట్టె మూత లోపలివైపు చూపించింది. సున్నంతో ఒక గుండ్రటి మాత్ర, దాని మీద అడ్డగీత, పక్కన తవిటినాయుడి ఇంటి ముందుండే రాతి గానుగ బొమ్మ. అలాంటివి ఇంకో రెండు ఇళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి.

తవిటినాయుడు నీరసంగా, అప్పటివి పెద్ద మాత్రలు, ఇవి వేరేవి గదా అనుకున్నానని అన్నాడు. అంటే నేనిస్తే మింగేసేవాడు. నా చేతిలోని మాత్రలు తిరిగి డబ్బాలో వేస్తుంటే రెండు కింద పడ్డాయి.

ఈ సంగతి మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదని అసిరమ్మ ఆమెను అడిగింది.

“సెప్పినాను. నువ్విన్నేదు. తగాదా మాటే అన్నావు. ఆ మాటొగ్గీ, ఇప్పుడు గంజి పట్టు.”

అసిరమ్మ గంజి ముంత పైడమ్మ చేతిలోంచి తీసుకుని భర్త పక్కన కూర్చుంది. ఆ మూడు రోజులూ అతనికి గంటగంటకూ గంజి పట్టించింది పైడమ్మేనని, అసిరమ్మ తిడుతున్నా ఆ అరుగు ఎక్కడం మానలేదని పక్కింటివాళ్ళు చెప్పారు. మందు పడని మనిషికి తన దగ్గరున్న ఆధారం అదొక్కటేనని ఆమెకు తెలుసు. ఊరంతా పక్షపాతం అంటున్నా మాత్ర మాత్రం ఇవ్వలేదు. ఆ ఊళ్ళో ఆమెకు ఏ హోదా లేదు, ఏ ఉత్తర్వూ లేదు.

మర్నాడు డాక్టరు గారు చేరుకున్నారు. తవిటినాయుడికి సల్ఫా కాని మందు ఇంజెక్షను ఇచ్చారు. పదిరోజుల్లో అతను లేచి తిరిగాడు. ఆ ఏడాది ఆ ఊళ్ళో ఒక్కరూ పోలేదు.

జరిగినదంతా నేనే డాక్టరు గారికి చెప్పాను. అధికారం లేకుండా మందు ఇవ్వబోయానని, విన్న మాట రాసుకోలేదని కూడా చెప్పాను. ఆయన, మాత్ర తవిటినాయుడి నోట్లో పడలేదు కాబట్టి మెమో ఇవ్వనన్నారు. ఆ రోజు నుంచి మా కేంద్రంలో ఒక కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి ఓపీ చీటీ రాసేముందు ఇదివరకు ఏ మందైనా పడలేదా అని అడగాలి. పడని మందు ఉంటే చీటీ నెత్తిన ఎర్ర సిరాతో రాయాలి. ఊళ్ళకు వెళ్ళినప్పుడు రోగి కానివాళ్ళ గురించి విన్నా సరే, ఒక పుస్తకంలో ఊరివారీగా ఎక్కించాలి. ఆ పుస్తకంలో మొదటి పేరు తవిటినాయుడిది. చెప్పినవారు అనే గడిలో పైడమ్మ పేరు రాశాను.

వరద తీశాక ఆమె మళ్ళీ బుట్టతో వచ్చింది. వాడిన మందుల లెక్క నోటితోనే చెప్పింది, ఒక్కటీ తప్పు పోలేదు. మెచ్చుకుంటూ ఏదో అనబోతే, మైనం అయిపోయింది బాబూ, కొంచెం ఉంటే ఇయ్యి అంది. ఇచ్చాను.

తరవాత ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, చీఫ్ ఫార్మసిస్టుగా రిటైరయ్యాను. ఇంట్లో అత్యవసరానికి మందులు ఉంచుకోవచ్చా అని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. ఉంచుకోవచ్చు. చెమ్మ తగలకుండా, పిల్లలకు అందకుండా, పాతవి తీసేస్తూ ఉంచుకోవాలి. అవన్నీ ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రం ముందుగా వాళ్ళింట్లో ఎవరికి ఏ మందు పడదో అడుగుతాను. చాలామందికి జవాబు తెలియదు. తెలుసుకుని, రాసి, పెట్టెలో పెట్టాకే మందులు కొనమంటాను. ఈ క్రమం నాకు నేర్పింది ఫార్మసీ చదువు కాదు, ఒక రైతు ఇంటి ఇల్లాలు. అది కూడా నా చెయ్యి పట్టుకుని ఆపి నేర్పింది.