'సిమించిక్'కు నేను దిద్దిన స్పెల్లింగ్

హాలు నిండా అతిథుల్ని పిలిచి, కుర్చీలేసి కూర్చోబెట్టి, ఒక్క మాటతో వెలేసిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

సౌదీలోని అల్ ఖోబర్‌లో సభలకు బ్యానర్లు, కుర్చీలు ఏర్పాటు చేసే ఆఫీసులో నేను చేరిన కొత్త. పెరూ నుంచి ప్రొఫెసర్ సబీనా ఉపన్యాసానికి వస్తున్నారన్నారు. అక్కడి కొండల్లో జనం మాట్లాడేది కెచువా. "ఇంట్లో మాట్లాడుకునే భాషకు క్లాసెందుకు?" అన్న యూనివర్సిటీతోనే పోట్లాడి డిపార్ట్‌మెంట్ పెట్టించి, ముప్ఫై ఏళ్లుగా ఆ భాష నేర్పుతున్న మనిషి.

బ్యానర్ మీద 'సిమించిక్' అని వేయమని రాశారు. 'అవర్ లాంగ్వేజ్' అని అర్థమట. కూడా పంపిన పాత ఫొటోలో, యూనివర్సిటీ గేటు బయట ఆవిడ పట్టుకున్న అట్ట మీద మాత్రం 'సిమియ్కు' అనుంది. నాలో పండితుడు నిద్రలేచాడు. 'పాపం పెద్దావిడ, టైపింగ్‌లో తప్పు పోయింది' అని జాలిపడి, దిద్దేశాను.

సభ రోజు సబీనా గారు పందిరంత బ్యానర్ ముందు ఆగిపోయారు.

"దీన్నెవరు మార్చారు?"

మా మేనేజర్ ఖలీల్ భాయ్‌ది కర్నూలు. నా వైపు తిరిగి పళ్లు నూరాడు. "ఏం జేసినావప్పా? ఈ పొద్దే నీకు ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపిస్తా!"

"స్పెల్లింగ్ దిద్దిన మేడమ్," అన్నాను, సాంబార్లో పడ్డ అప్పడంలా మెత్తబడిపోయి.

"కెచువాలో 'అవర్'లు రెండు బాబూ. నేను పంపింది వినేవాళ్లను కలుపుకునేది. నువ్వేసింది వాళ్లను బయట పెట్టేది. పిలిచినవాళ్లను పొమ్మన్నట్టుంది!"

"అంటే... మన భాష, మా భాషనా?"

"ఏంటది?"

"మా తెలుగుల గూడ గంతే మేడమ్! 'మన' అంటే మీరు ఉన్నట్టు. 'మా' అంటే మీరు లేనట్టు."

ఆవిడ మొహం చూడాలి మీరు! "ఇంగ్లీషు వాళ్లకు ఈ తేడా చెప్పలేక నా గొంతు పోయింది. రా!" అని మోచెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కించారు.

మైకులో చెప్పాను: "మన ఇల్లు. మా ఇల్లు." హాల్లోని తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు గొల్లున నవ్వాయి. ఒకావిడైతే పక్కనున్న ఈజిప్టు డాక్టరమ్మకు చేతులు తిప్పుతూ వివరించడం మొదలుపెట్టింది.

"గేటు బయట ఒక్కదాన్నే నిలబడి, లోపలివాళ్లతో 'మా భాష' అని పోట్లాడిన రోజు రాసుకున్న మాట ఇది," అన్నారు సబీనా గారు. మార్కరు తీసి దాన్ని కొట్టేసి, పక్కన 'సిమించిక్' అని రాశారు. హాలంతా లేచి చప్పట్లు!

ఖలీల్ భాయ్ కాలరు సర్దుకుంటూ పక్కవాళ్లతో అంటున్నాడు: "ఆ తప్పు నేనే చేయమంటినప్పా! అంతా ప్లానింగ్!"

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. నాకు రాని భాషలో ఎవరి స్పెల్లింగూ ఈ జన్మలో దిద్దను. ఖలీల్ భాయ్ ప్లాన్ చేస్తే తప్ప.