అది మనిషేంటి!

మనుషుల పిచ్చి అని ఒకటుంటుంది. మా వీధిలో అది ఎలీసమ్మకి పట్టింది. కొత్త మనిషి అడుగుపెడితే చాలు, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం తిన్నావు అని ఆరా తీయకుండా వదలదు. మిరప కోతలకి మా ఆడవాళ్ళ ముఠాని తీసుకెళ్ళేది ఆమే. ఎవరికి నడుం నొప్పో, ఎవరి మొగుడు తాగొచ్చాడో అన్నీ ఆమెకి తెలియాల్సిందే. భర్త ప్రేమదాసు పోయాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. పెళ్ళికి పిలవడం మర్చిపోయామా, ఏడాదిపాటు మన మొహం చూడదు.

పక్కింటి రహిమున్నీసా దీనికి పూర్తిగా ఎదురు. గుమ్మం ముందు చెప్పుల చప్పుడు వినిపిస్తే తలుపేసుకుంటుంది. కుట్టుపని చేస్తుంది కాబట్టి జనం రాక తప్పదు, కానీ జాకెట్టు గుడ్డ కిటికీలోంచే తీసుకుంటుంది, కిటికీలోంచే ఇస్తుంది. అలాంటి ఈ ఇద్దరూ పెళ్ళిళ్ళయి మా వీధికొచ్చిన కొత్తల్లోనే వదినా అంటే వదినా అని వరస కలుపుకున్నారు. ఒకరు చర్చికి, ఒకరు నమాజుకి. వరసకి అదేం అడ్డం రాలేదు. ఎలీసమ్మ వాగుతూ ఉంటుంది, రహిమున్నీసా మిషను తొక్కుతూ వింటుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస.

ఈ ఏడు కోతలు అయ్యాక శ్రీదివ్య అనే అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చింది. సత్తెనపల్లిలో గది తీసుకుని, రోజూ బస్సులో మా ఊరొచ్చేది.

"ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగింది ఎలీసమ్మ.

"మానవ శాస్త్రమండీ. మనుషుల గురించి చదువు."

ఎలీసమ్మ మొహం వెలిగిపోయింది. "మనుషుల గురించా! దానికి కాలేజీలెందుకే పిచ్చిదానా, నా దగ్గరికి రా!" అని ఇస్త్రీ చీర కట్టుకుని అరుగు మీద చాప పరిచింది. నిజం చెప్పొద్దూ, నేనూ తల దువ్వుకుని కూర్చున్నాను. ఆ పిల్ల నన్ను పేరూ పనీ అడిగి, థాంక్యూ ఆంటీ అనేసి వెళ్ళిపోయింది.

ఎలీసమ్మ దగ్గర ఒక్క పూట కూర్చుంది. ఆ తర్వాత రహిమున్నీసా గుమ్మం ఎక్కింది, ఇక దిగితే ఒట్టు. ఎలీసమ్మకి తప్ప మాకెవరికీ తెరుచుకోని తలుపు ఆ పిల్లకి బార్లా తెరుచుకుంది. టీలు, బిస్కట్లు, నవ్వులు. రహిమున్నీసా పైకి నవ్వగా వినడం నాకైతే అదే మొదలు.

ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎండబోసిన కాయలు తిరగేసే వంకతో రోజంతా గోడ పక్కనే ఉండేది. ఒకరోజు గోడ అవతల నుంచి ఇషాక్ అనే పేరు వినిపించింది. రహిమున్నీసా తొలిచూలు కొడుకు వాడు, ఏడాది నిండకుండానే పోయాడు. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆమె ఎలీసమ్మ ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఎలీసమ్మ నేరుగా మా ఇంటికొచ్చి కూలబడింది. "పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా? నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి కడుపులోదంతా చెప్పుకుంటందంట! మరి నేనెవర్నే దానికి? గోడనా?" అంటూ ఏడ్చింది. అంత అసూయ నేను సవతుల మధ్య కూడా చూడలేదు.

మర్నాడు మళ్ళీ గోడ దగ్గర చేరింది.

"మనుషులంటే మీకెందుకాంటీ అంత చిరాకు?" అని ఆ పిల్ల అడుగుతోంది.

"నాకు పడదమ్మా. వస్తారు, మన మాట మోసుకుపోతారు."

"మరి ఎలీసమ్మగారు?"

"అది మనిషేంటి!"

ఇంతే విన్నది ఎలీసమ్మ. మా వైపు నువ్వు మనిషివేనా అంటే చెప్పు తీసి కొట్టినట్టే లెక్క. కొంగు నడుముకి బిగించి వీధి మధ్యకొచ్చింది.

"ఏమే రహిమున్నీసా! రావే బయటికి!"

వదినా అనలేదు. ఆ పిలుపుకే వీధి వీధంతా బయటికొచ్చింది. రహిమున్నీసా మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చింది, వెనకాలే ఆ పిల్ల కూడా బిక్కమొహంతో వచ్చి మెట్టు దిగింది.

"నేను మనిషిని కాదా?"

"కాదు," అంది రహిమున్నీసా. "మనుషులొస్తే నేను తలుపేసుకుంటా. నువ్వొస్తే ఎప్పుడన్నా వేశానా? నువ్వు మా వదినవి. మనిషివేంటి?"

ఇంకొకరైతే అక్కడితో చల్లబడేవాళ్ళు. ఎలీసమ్మ చల్లబడలేదు. "మరి ఇషాక్ సంగతి? దానికి చెప్పుకున్నావే, నాకు చెప్పావా ఒక్కనాడన్నా?"

రహిమున్నీసా గొంతు తగ్గింది. "నీకేం చెప్పను వదినా? జొరంతో కాలిపోతన్న వాణ్ణి ఎత్తుకుని సత్తెనపల్లి దాకా పరిగెత్తింది నువ్వు. వాడు కళ్ళు మూసింది నీ చేతుల్లో. తెలవనోళ్ళకి చెప్తారు గానీ, నీకు చెప్పేదేముంది?"

ఎలీసమ్మ బిగించిన కొంగు లాగి మొహం తుడుచుకుంది. "టీ పెట్టు," అని, గుమ్మంలో నిలబడ్డ వదినని పక్కకి నెట్టుకుంటూ లోపలికి పోయింది. శ్రీదివ్య కూడా మెట్టెక్కబోయింది.

"రేపు రామ్మా," అంది రహిమున్నీసా, మెత్తగానే. మా అందరి వైపు ఒకసారి చూసి తలుపేసుకుంది. మేం మనుషులం కదా మరి.

మనుషుల చదువు చదివే పిల్ల మాతో పాటే వీధిలో నిలబడిపోయింది. నాకూ ఇంటికి పోబుద్ధి కాలేదు. లోపల నుంచి టీ గ్లాసుల చప్పుడూ, ఎలీసమ్మ వాగుడూ వినిపిస్తుంటే కడుపు మండిపోయింది. నన్ను మనిషి కాదు పొమ్మనే వాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరు కూడా లేరు.