దానంతట అదే తిరిగిన మోటారు

ఎమ్మిగనూరు దాటి పొలాల్లోకి దిగితే, త్రీఫేజ్ కరెంటు వచ్చిన సంగతి చెవులకే తెలుస్తుంది. స్టార్టర్ డబ్బాలో టక్కుమని చప్పుడు, వెంటనే మోటారు మూలుగు, ఆ వెనకే పైపులో గాలి గుడగుడలు. అందరికీ అది నీళ్ళొచ్చే చప్పుడు. నాకు మాత్రం ఇప్పటికీ గుండె జారిపోతుంది. ఈ మధ్యే కాలం చేసిన షమీమ్ మేడమ్ గుర్తుకొస్తారు.

ఆదోనిలో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో, ఒక మేడ మీద మేడమ్ చిన్న కంపెనీ నడిపేవారు. రైతులు ఇంట్లో కూర్చునే ఫోన్‌తో మోటారు వేసుకునే స్టార్టర్లకు ప్రోగ్రాం రాయడం మా పని. అది కాక ఆమెకు జీతం రాని పని ఇంకొకటి ఉండేది. ఇంటర్నెట్‌లో విడివిడి ముక్కలుగా పోయే సమాచారాన్ని ఎలా కాపాడాలో చెప్పే ఒక ప్రమాణపు ముసాయిదాను అప్పట్లో దేశదేశాల ఇంజనీర్లు కలిసి సవరిస్తున్నారు. అందులో చిన్న పరికరాల భాగం ఆమెది. ఆదోనిలో కూర్చుని ప్రపంచానికి రూళ్ళు రాయడమేమిటని, కొత్తగా చేరిన నేను నోరెళ్ళబెట్టాను.

"ఈ ముక్కలు మన కోసిగి బస్సుల మాదిరప్పా శేఖరూ," అని ఆమె మొదటిసారి వివరించారు. "ముందు బయల్దేరింది వెనక రావచ్చు, అసలు రాకనే పోవచ్చు. ఒక్కోసారి ఒకటే ముక్క రెండుసార్లు వస్తాది. పాపం, బస్సు ఆ పని చేయదు." అందుకే ప్రతి ముక్కకూ తాళం వేసి, ఒక నంబరు ఇస్తారు. వచ్చిన నంబరే మళ్ళీ వస్తే పరికరం తీసుకోకూడదు. అయితే చిన్న పరికరాలకు జ్ఞాపకశక్తి తక్కువ కాబట్టి, కరెంటు పోయి వచ్చాక పాత నంబర్లు మరిచిపోయినా ఫరవాలేదని మేడమ్ ఒక మినహాయింపు రాశారు. అందరూ చదివారు, మెచ్చుకున్నారు. ముసాయిదా చివరి అభ్యంతరాల దశకు చేరింది. మేడమ్‌కు మాత్రం కాగితం మీద నమ్మకం తక్కువ. పొలంలో ఒకసారి చూసి వద్దామన్నారు.

మా చిన్నాయన ఈరన్న బావి దగ్గరికి తీసుకెళ్ళాను. పొద్దున ఫోన్‌తో మోటారు వేశాం, ఆపాం, అంతా సవ్యంగా నడిచింది. తర్వాత కరెంటు పోయింది. మా వైపు రైతులకు ఒక అలవాటుంది. మోటారుకు ఏ రిపేరున్నా కరెంటు లేనప్పుడే చేసుకుంటారు, మెయిన్ స్విచ్ మాత్రం దించరు. ఫోన్ చేయనిదే మోటారు తిరగదని ధీమా. చిన్నాయన కూడా భుజం మీద తువ్వాలతోనే వంగి, నీళ్ళు కారుతున్న చోట బోల్టు బిగించాడు. చెయ్యి తీశాడో లేదో కరెంటు వచ్చింది, మోటారు తిరిగింది. తువ్వాల కొస ఇరుసుకు చిక్కి, ఒక్క లాగుతో భుజం మీంచి ఎగిరిపోయి, మా కళ్ళముందే పేలికలైంది.

"ఎవరప్పా ఆన్ చేసినారు?" చిన్నాయన అరిచాడు.

"మేం చేయలేదు చిన్నాయనా." నా ఫోను జేబులోనే ఉంది. మేడమ్ ఫోను సంచిలో ఉంది.

"మరి దానంతట అదే తిరిగినాదా? ఆ తువ్వాల మెడకు కట్టుకొనింటే నా గతేమి?"

మేడమ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వెళ్ళి స్విచ్ దించి, అక్కడే గట్టు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచారు. పొద్దున మేం పంపిన 'తిరుగు' అన్న ముక్కే దారిలో ఎక్కడో ఆగి, రెండోసారి వచ్చింది. కరెంటు పోయి వచ్చిన పరికరం పాత నంబర్లు మరిచిపోయి, దాన్ని కొత్త ఆజ్ఞ అనుకుంది. తాళం ఎవరూ పగలగొట్టలేదు. ముసాయిదా ప్రకారం పరికరం చేసింది తప్పే కాదు. చేయవచ్చని రాసింది మేడమే.

ఆదోనికి తిరిగొచ్చాక ఆమె భాగస్వామి మూర్తి గారు తలుపు దగ్గరికి వేసి మాట్లాడారు. "మన స్టార్టర్లో మనం సరిచేసుకుందాం మేడమ్. అది ఎట్లాగూ పాసయితాది. ఇప్పుడు నోరు తెరిస్తే పోయేది మీ పేరే."

"పాసయితే ఎన్ని ఊర్లలో ఎంతమంది చేతులు మోటార్ల కాడ ఉంటాయో ఆలోచించినావా మూర్తీ?" అన్నారామె, గొంతు పెంచకుండా.

ఆ సాయంత్రం వీడియో సమావేశంలో ఏదో ఇబ్బంది కనిపించిందని నాజూకుగా చెప్తారనుకున్నాను. ఆమె సూటిగా, "ఈ మినహాయింపు నేను రాసింది. దీనివల్ల మనిషి చస్తాడు, ఇవాళ కొద్దిలో తప్పింది. ముసాయిదా ఆపండి," అని ఇంగ్లీషులో చెప్పేశారు. తెర మీది ముఖాలన్నీ బిగుసుకుపోయాయి. ఏళ్ళ కష్టాన్ని ఇంత తేలిగ్గా కిందపడేసే మనిషిని నేనెన్నడూ చూడలేదు.

ముసాయిదా ఆగింది. ఆ భాగం మొత్తం తీసేశారు. భాగమే లేనప్పుడు రచయితల్లో తన పేరెందుకని మేడమ్ తానే తీయించుకున్నారు. కానీ, ఇలాంటి మినహాయింపు ఒకటి ఉండేదని, అది తనదని, అది ఎందుకు ప్రమాదమో వివరిస్తూ ముసాయిదాలో ఒక పేరా ఉంచాలని పట్టుబట్టారు. పేరు అక్కర్లేదని సంపాదకులన్నా వినలేదు. నాకు ఒళ్ళు మండింది.

"మంచిపని చేసినచోట పేరు తీసేసి, తప్పు పక్కన పెట్టుకుంటారా మేడమ్?"

"ఊరికే కొట్టేస్తే, రేపు మనకంటే తెలివైనోడు ఇదే ఆలోచన చేస్తాడప్పా. చేసినోళ్ళ పేరుతో ఉంటే, ఎవరో నిజంగానే దెబ్బతిన్నారని నమ్మి ఆగుతాడు."

పోయిన నెల, అలాంటి ఇంకో ముసాయిదాకు నేను రాసిన ఒక భాగంలో నాకే తప్పు కనపడింది. అప్పటికి ఇంకెవరూ చూడలేదు. చడీచప్పుడు లేకుండా దిద్దేస్తే సరిపోయేది. ఆ తప్పేమిటో, ఎందుకు తప్పో వివరంగా రాసి, కింద నా పేరు పెట్టడానికి కూర్చున్నాను. పేరు దగ్గరికొచ్చేసరికి ఒకటికి రెండుసార్లు రాసి చెరిపేశాను. మేడమ్‌కు అది తేలికని ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నానా అని నిర్ఘాంతపోయాను.